సబ్బవరం ఎర్రమట్టికి ఏ టైరు?

అమ్మలూ, వెనక టైరు గుండైపోయింది, కొత్తది ఏది కొనమంటావు తాతా అని అడిగావు. ఫోనులో నువ్వు చూపించిన టైర్లన్నీ చూశాను. ఒకదానికి వేలెడంత బుడిపెలు. ఇంకొకటి మధ్యలో నున్నగా, పక్కల మాత్రం గరుగ్గా ఉంది. నీ చూపు మాత్రం ఆ బుడిపెల టైరు మీదే ఆగింది. మౌంటెన్ బైకు అన్నాక ఆ మాత్రం ఉండాలి కదా అన్నావు. కొనడానికి సాయంత్రం దాకా టైముంది గానీ, ముందు పాత టైరుని ఒకసారి చూద్దాం రా. నీ సైకిలు ఎక్కడెక్కడ తిరిగిందో అది చెబుతుంది.

సైకిలు తిరగేసి సీటు మీద నిలబెట్టు. చక్రం మెల్లగా తిప్పు. నడిమధ్య వరస బుడిపెలు అరిగిపోయి పలకబారాయి, వాటి మధ్య సందులు కూడా పూడిపోయాయి. ఇప్పుడు పక్కలకి చూడు. చివరి వరస అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. అక్కడక్కడా సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా నిలబడి ఉన్నాయి, గోటితో తాకి చూడు. టైరుని అచ్చులో పెట్టి వేడిచేసి నొక్కుతారు. లోపల చిక్కుకున్న గాలి పోవడానికి అచ్చుకి సూది బెజ్జాలు ఉంటాయి. మెత్తబడ్డ రబ్బరు ఆ బెజ్జాల్లోకి కాస్త దూరుతుంది, అచ్చు తీశాక వెంట్రుకలా మిగిలిపోతుంది. నేల తగిలిన చోట ఆ వెంట్రుకలు ఎంతోకాలం బతకవు. ఇన్నాళ్ళయినా పక్క బుడిపెల మీద అవి ఉన్నాయంటే ఆ బుడిపెలు నేలని తాకిందే లేదు. నువ్వు డబ్బులిచ్చి కొన్న రబ్బరులో సగం పని చెయ్యకుండానే టైరు పోయిందన్నమాట.

మరి నువ్వు తిరిగేది ఎక్కడ? కాలేజీకి తారురోడ్డు. మార్కెట్‌కి సిమెంటు రోడ్డు. ఆదివారం పొద్దున్న స్నేహితురాళ్ళతో లా యూనివర్సిటీ వైపు వెళ్ళినా ఎక్కువ భాగం తారే. అనకాపల్లి నుంచి పెందుర్తి మీదుగా ఆనందపురం దాకా ఆరు వరసల హైవే వేశాక మన ఊరి చుట్టూ తారు ఇంకా పెరిగింది. హైవే మీదకి మాత్రం వెళ్ళకు, పక్కన సర్వీసు రోడ్డే నీది. తారు దిగితే మొరం. జీడితోటల మధ్య డొంకల్లో గట్టిగా అణిగిన ఎర్రనేల, దాని మీద గులకరాళ్ళ పొర. వానాకాలంలో చెరువు కింద పొలాల పక్కనైతే జిగురుమట్టి. ఈ మూడు నేలలూ మూడు రకాల టైర్లు అడుగుతాయి. అన్నిటికీ సరిపోయే టైరంటూ లేదు. నీ చక్రం ఏ నేల మీద ఎక్కువ దొర్లుతుందో దాన్ని బట్టే ఎంచుకోవాలి. షాపువాడికి చెప్పాల్సిన మొదటి మాట అదే.

అయితే ఎంపిక సంగతి తరవాత, ముందు కొలత సరిపోవాలి. తడిగుడ్డతో టైరు పక్కని తుడువు. అచ్చులో పోసిన అంకెలు బయటపడ్డాయి కదా, చదువు. 26 × 1.95. దాని పక్కనే చిన్న అక్షరాల్లో 50-559 అని ఉంది. అందరూ మొదటిదే చూసి కొంటారు. నువ్వు రెండోది చూడు. 50 అంటే గాలి కొట్టిన టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 559 అంటే టైరు అంచు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం, అదీ మిల్లీమీటర్లలోనే. ప్రపంచంలో ఏ దేశంలో తయారైనా 559 టైరు 559 రిమ్ముకే పడుతుంది.

26 అన్న అంకెని ఎందుకు నమ్మకూడదంటే, వెనకటి రోజుల్లో అది గాలి నిండిన టైరు బయటి కొలత. సన్న టైరు వేసి బయట 26 అంగుళాలు రావాలంటే రిమ్ము పెద్దది కావాలి. లావు టైరయితే రిమ్ము చిన్నది చాలు. అలా 26 పేరుతోనే రకరకాల రిమ్ములు పుట్టాయి. 26 × 1⅜ అని ఉంటే లోపలి కొలత 590. అది మీ అమ్మ చదువుకునే రోజుల్లో తొక్కిన లేడీస్ సైకిలుది. 26 × 1½ అయితే 584. చిత్రమేమిటంటే ఈమధ్య వస్తున్న 27.5 అంగుళాల మౌంటెన్ బైకుదీ అదే 584. మా నాన్న తొక్కిన పెద్ద సైకిలుకి 28 × 1½, అంటే 635. ఇప్పటి 29 అంగుళాల మౌంటెన్ బైకు 622. పేరులో 29 అని ఉన్నా నాన్న 28 కంటే దాని రిమ్మే చిన్నది! ఇంకా ప్రమాదకరమైనది ఒకటుంది. 26 × 1.75 వేరు, 26 × 1¾ వేరు. లెక్కల్లో రెండూ సమానమే, రిమ్ము దగ్గర కాదు. దశాంశం రాసింది 559, భిన్నం రాసింది 571. పన్నెండు మిల్లీమీటర్లు తేడా. ఒకటి ఎక్కనే ఎక్కదు, రెండోది వదులుగా కూర్చుని గాలి కొట్టగానే ఊడి వస్తుంది.

కొలత తేలింది, 559. వెడల్పులో మాత్రం నీకు కొంచెం స్వేచ్ఛ ఉంది. 1.75 నుంచి 2.1 దాకా నీ రిమ్ముకి పడుతుంది. పైకి వెళ్ళాలంటే వెనక గొట్టాల మధ్య చోటు చూసుకోవాలి. టైరుకీ గొట్టానికీ మధ్య నీ చిటికెన వేలు సులువుగా దూరాలి. వానలో ఎర్రమట్టి అంటుకుని చక్రం లావైనప్పుడు ఆ సందు విలువ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. నిన్ను మోస్తున్నది రబ్బరు కాదు, గాలి.

వెనకటి బళ్ళకి చెక్క చక్రానికి ఇనప పట్టా ఉండేది. 1845లో స్కాట్లండ్ మనిషి రాబర్ట్ విలియం థామ్సన్ గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి సైకిలే సరిగ్గా పుట్టలేదు, రబ్బరు ఖరీదు, ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్ఫాస్ట్‌లో పశువుల డాక్టరు జాన్ బోయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి మళ్ళీ అదే పని చేశాడు. ఈసారి లోకం అందుకుంది. తరవాత థామ్సన్ పాత పేటెంటు బయటపడి డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. పేరు మాత్రం డన్‌లప్‌దే నిలిచింది.

గాలి ఎలా మోస్తుందో ఒక లెక్క చేద్దాం. నీ బరువు 50 కిలోలు, సైకిలు 16, పుస్తకాల సంచీ 6. మొత్తం 72. అందులో అరవై శాతం వెనక చక్రం మీద పడుతుంది, అంటే 43 కిలోలు. పంచరు షాపులో 40 పాయింట్ల గాలి కొట్టించావనుకో. పాయింటు అంటే చదరపు అంగుళానికి ఒక పౌండు. 40 పాయింట్లంటే చదరపు సెంటీమీటరుకి సుమారు 2.8 కిలోలు. ప్రతి చదరపు సెంటీమీటరూ 2.8 కిలోలు మోస్తే 43 కిలోలు మొయ్యడానికి ఎన్ని కావాలి? పదిహేను. అంటే అగ్గిపెట్టె కంటే కాస్త చిన్న జాగా. నీ బరువులో పెద్ద వాటా ఆ కాస్త జాగా మీద నిలబడి రోడ్డు మీద దొర్లిపోతోంది. గాలి 20 పాయింట్లకి తగ్గిస్తే? ముప్ఫై చదరపు సెంటీమీటర్లు కావాలి. అందుకని టైరు అణిగి అంత మేర నేలకి పరుచుకుంటుంది.

దీన్ని నువ్వే చూడొచ్చు. టైరు తడిపి పొడి సిమెంటు గచ్చు మీద నిలబెట్టి, అన్నయ్యని పట్టుకోమని నువ్వు ఎక్కి కూర్చో. దిగి సైకిలు నిటారుగా పైకెత్తి చూడు, తడి మచ్చ కనబడుతుంది. సుద్దముక్కతో దాని చుట్టూ గియ్యి. గాలి సగం తీసి మళ్ళీ అలాగే చెయ్యి. మచ్చ పెద్దదవుతుంది. టైరు గట్టితనం కొంత బరువు మోస్తుంది కాబట్టి లెక్కకి అచ్చంగా సరిపోదు గానీ, దగ్గరకి వస్తుంది.

ఇంకో విషయం గమనించు. సన్న టైరులోనూ లావు టైరులోనూ ఒకే గాలి ఉంటే మచ్చ వైశాల్యం ఒక్కటే, ఆకారం మారుతుంది. సన్న టైరుది పొడుగ్గా, లావు టైరుది పొట్టిగా వెడల్పుగా. పొడుగు మచ్చ కావాలంటే టైరు లోతుగా అణగాలి. అందుకే ఒకే గాలి దగ్గర లావు టైరే తేలిగ్గా దొర్లుతుంది. సన్న టైరు సైకిళ్ళు జోరుగా పోతాయంటే వాటిలో గాలి రెట్టింపు పైన ఉంటుంది కాబట్టి. లావు టైరులో అంత గాలి కొట్టకూడదు, టైరు గోడ మీద పడే లాగుడు గాలి ఒత్తిడితో పాటు టైరు లావుతో కూడా పెరుగుతుంది. లావైన కొద్దీ తక్కువ గాలి, మెత్తటి సవారీ. పక్కన రాసిన గరిష్ఠ పాయింట్లు దాటొద్దని చెప్పేది అందుకే.

అణగడం వల్ల నష్టమేమిటి అన్నావు కదా. రబ్బరు బంతిని నడుమెత్తు నుంచి వదిలెయ్యి. వదిలిన ఎత్తు దాకా లేవదు. నొక్కినప్పుడు తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మింగేస్తుంది. టైరు ఒక్కో చుట్టులో ప్రతి చోటా ఒకసారి అణిగి ఒకసారి లేస్తుంది. ఆ ప్రతి అణుగుడుకీ నీ కాళ్ళే కప్పం కడతాయి. బుడిపెల టైరుకి ఇది రెండింతల బాధ. గోడ అణగడమే కాకుండా, తారు మీద ఒక్కో బుడిపే విడిగా నొక్కుకుని వంగి లేస్తుంది. రోడ్డు మీద బుడిపెల టైరు హమ్ మని చేసే చప్పుడు వింటావే, అది నీ కాలి బలమే.

ఎంత బలం? ఉజ్జాయింపుగా చెబుతాను. తారు మీద మంచి నున్న టైరుకి దొర్లుడు నిరోధం మొత్తం బరువులో వెయ్యింట ఆరు వంతులు, పెద్ద బుడిపెల టైరుకి వెయ్యింట పది. గంటకి 15 కిలోమీటర్ల వేగంలో నీ 72 కిలోలకి మొదటిదాని ఖర్చు దాదాపు 18 వాట్లు, రెండోదానికి 29 పైన. తాపీగా తొక్కే మనిషి కాళ్ళు ఇచ్చేది మొత్తం డెబ్భై, ఎనభై వాట్లు. అందులో సుమారు పన్నెండు వాట్లు ఊరికే బుడిపెలు వంచడానికి పోతోంది. కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు లాగుతున్నాయంటావే, అందులో దీని వాటా తక్కువేం కాదు.

అలాగని బుడిపెలు దండగ కాదు. ఈ మౌంటెన్ బైకు పుట్టుకే లావు టైరులోంచి జరిగింది. 1933లో అమెరికాలో ష్విన్ కంపెనీ పిల్లల సైకిళ్ళకి రెండంగుళాల పైన లావున్న బెలూన్ టైర్లు వేసింది. నలభై ఏళ్ళ తరవాత కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు పాతసామాన్లలోంచి ఆ సైకిళ్ళు ఏరుకొచ్చి టమాల్‌పైస్ కొండ మట్టి దారుల్లో దిగడం మొదలుపెట్టారు. 1976లో ఆ కౌంటీలోనే రీపాక్ అనే పందెం మొదలైంది. ఆ దిగుడులో హబ్బులోని బ్రేకు కాలి గ్రీజంతా పొగై పోయేది, కింద దిగాక మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది, పేరు అందుకే. ఆ పందేల్లో దిగిన జో బ్రీజ్ 1977లో అలాంటి కొండ దారులకని ప్రత్యేకంగా ఫ్రేము కట్టడం మొదలుపెట్టాడు. గ్యారీ ఫిషర్, టామ్ రిచీ, చార్లీ కెల్లీ అదే గుంపు. వాళ్ళ దగ్గరున్న బెలూన్ టైరు కొలతే నీ చక్రం కొలత, 559. టైరు ముందు పుట్టింది, దానికి తగ్గ బండిని తరవాత కట్టుకున్నారు.

మన నేలకి వద్దాం. విశాఖ చుట్టుపక్కల కొండలు ఎక్కువ భాగం ఖొండలైట్ రాయి. ఒడిశా కొండల్లోని ఖోండు జనం పేరు మీద దానికా పేరు వచ్చింది. వానకీ ఎండకీ ఆ రాయి కుళ్ళి, అందులోని ఇనుము తుప్పు పట్టి ఈ ఎర్రమట్టి తయారైంది. రాయి కుళ్ళినా అందులోని స్ఫటికం రవ్వలు కుళ్ళవు. డొంకలో ఒక గుప్పెడు మొరం తీసి నీళ్ళలో కడుగు. ఎర్రదనం పోయాక అరచేతిలో మిగిలేవి తెల్లటి, పదునంచుల రవ్వలు. గాజుని గీకగలవు అవి. మన టైర్లు తొందరగా అరిగేది వాటి మీదే.

గట్టి నేల మీద గులకరాళ్ళు ఉన్నచోట పొడుగు బుడిపెలు పనికిరావు. కింద నేల గట్టిది, గుచ్చుకోవు. అక్కడ కావలసింది పొట్టి బుడిపెలు దగ్గరదగ్గరగా ఉండి, గాలి కాస్త తగ్గించి, టైరు రాళ్ళ చుట్టూ ఒదిగేలా చెయ్యడం. పొడుగు బుడిపెలు ఎడం ఎడంగా ఉన్న టైరు జిగురుమట్టికి. అది నేలలోకి దిగి పట్టు తీసుకుంటుంది, సందులు వెడల్పు కాబట్టి అంటుకున్న మట్టిని విదిలించేస్తుంది. సందులు ఇరుకైన టైరు బురదలో రెండు చుట్లకే నిండిపోయి ముద్దయిపోతుంది.

వానలో తారు మీద నున్న టైరు జారిపోదా అని నీ భయం. కార్లకి ఆ భయం ఉంది. వేగంగా పోయే కారు వెడల్పు టైరు కింద నీళ్ళు తప్పించుకోలేక చక్రాన్ని నీటి మీద తేలుస్తాయి, అందుకే గాళ్ళు పెడతారు. అలా తేలడం మొదలయ్యే వేగం టైరులో గాలిని బట్టి ఉంటుంది. 40 పాయింట్ల గాలికి అది గంటకి వంద కిలోమీటర్ల దగ్గర. పైగా సైకిలు టైరు గుండ్రంగా ఉండి నీళ్ళని పక్కలకి తోసేస్తుంది. నువ్వు తొక్కే వేగంలో ఆ ప్రశ్నే రాదు. తడి తారు మీద పట్టునిచ్చేది నేలకి అంటిన రబ్బరే, అది నున్న టైరులోనే ఎక్కువ. జారిపడేది తెల్ల పెయింటు గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద, క్వారీ లారీల నుంచి రాలిన డస్టు వానకి తడిసి పేస్టులా మారిన చోట. అక్కడ ఏ టైరూ కాపాడదు, మలుపు తిప్పకుండా నిటారుగా దాటాలి.

ముందు చక్రం, వెనక చక్రం చేసే పనులు వేరు. వెనకది బరువు మోస్తూ తొక్కుడు బలాన్ని నేలకి అందిస్తుంది, అందుకే త్వరగా అరుగుతుంది. ముందుది దారి తిప్పుతుంది, బ్రేకు వేసినప్పుడు బరువంతా దాని మీదకే వస్తుంది. వెనక చక్రం జారితే సైకిలు తోక ఊపుతుంది, కాలు ఆనించే వ్యవధి ఉంటుంది. ముందు చక్రం జారితే ఆ వ్యవధి ఉండదు. ఇంట్లో ఉన్న రెండు టైర్లలో మంచిది ముందుండాలి, ఈ విషయంలో నేను రాజీపడను. నీ ముందు టైరు బుడిపెలు ఇంకా నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి దాన్ని కదపొద్దు.

రబ్బరు మాట కూడా కొంచెం చెప్పాలి. చెట్టు పాలలోంచి తీసిన రబ్బరు ఎండకి జిగురవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేస్తే అది నిలకడగా ఉంటుందని కనిపెట్టాడు. వందేళ్ళ పైన క్రితం దాకా టైర్లు తెల్లగా, బూడిద రంగులో ఉండేవి. కార్బన్ బ్లాక్ అనే మెత్తటి మసి కలిపాక అరుగుదల బాగా తగ్గింది, టైరు నల్లబడింది. మెత్తటి మసికి అంత బలం ఎక్కడిదంటే, ఆ రేణువులు రబ్బరు పోగుల్ని పట్టుకుని చిరక్కుండా ఆపుతాయి. రబ్బరు మెత్తగా కలిపితే పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. గట్టిగా కలిపితే పట్టు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. పందేల టైర్లు మెత్తవి, ఒక్క సీజన్‌లో అరిగిపోతాయి. మన స్ఫటికం రవ్వల మీద వెనక చక్రానికి గట్టి రబ్బరే మేలు.

టైరు లోపల గుడ్డ ఉంటుంది, నైలాను దారాలది. అంగుళానికి ఎన్ని దారాలో మంచి కంపెనీలు రాస్తాయి. 120 దారాల గుడ్డ సన్నది, చక్కగా ఒదిగి తేలిగ్గా దొర్లుతుంది, కానీ పదును రాయికి కోసుకుపోతుంది. 60 దారాలది లావు, మొండిది. నీకు 60 లేక అంతకంటే తక్కువది చాలు. అంచులో ఉన్నది ఉక్కు తీగ, దాన్ని తాకితే గట్టిగా తెలుస్తుంది. విశాఖ స్టీలు ప్లాంటు వైర్ రాడ్ మిల్లులో ఎర్రగా కాలుతూ చుట్టలు చుట్టలుగా పడే ఊచని నేను ఎన్నేళ్ళు చూశానో. కార్బన్ ఎక్కువున్న అలాంటి ఊచనే సన్నగా లాగి లాగి టైరు అంచు తీగ చేస్తారు. గాలి టైరుని విప్పార్చి రిమ్ము మీంచి ఊడదియ్యాలని చూస్తుంది, సాగని ఆ తీగ ఆపుతుంది. ఖరీదైన టైర్లలో తీగ బదులు కెవ్లార్ పోగు ఉంటుంది. 1965లో డ్యుపాంట్‌లో స్టెఫనీ క్వాలెక్ అనే ఆవిడ కనిపెట్టిన పదార్థం. ఆ టైరు మడతపెట్టొచ్చు, కొద్దిగా తేలిక. పందెం లేనివాళ్ళకి ఆ కాస్త తేలిక కోసం అంత ధర పెట్టడం నాకు నచ్చదు. తీగ అంచుదే తీసుకో. హైదరాబాదులో హార్టెక్స్ వాళ్ళు, లూథియానాలో రాల్సన్ వాళ్ళు సైకిలు టైర్లు చేస్తారు, మన పని వాటితో అయిపోతుంది.

అచ్యుతాపురంలో 2022లో యొకొహామా వాళ్ళ ఏటీజీ ఫ్యాక్టరీ మొదలైంది కదా, అక్కడ ట్రాక్టర్లకీ గనుల బళ్ళకీ టైర్లు చేస్తారు. పొలంలో దిగే ట్రాక్టరు టైరులో గాలి 20 పాయింట్ల చుట్టుపక్కలే ఉంటుంది. అంత బరువు బండి దుక్కిలో కూరుకుపోకుండా ఉండాలంటే మచ్చ పెద్దది కావాలి మరి. పెద్ద పెద్ద బుడిపెలు అక్కడ న్యాయం. అదే ట్రాక్టరు అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి రోజూ తారు మీద తిరిగితే దాని బుడిపెలూ నీ టైరులాగే నడిమధ్యే అరుగుతాయి.

పంచర్ల గురించి. మన దగ్గర అసలు శత్రువు పల్లేరుకాయ. దారి పక్కన నేలకి పరుచుకుని, పసుప్పచ్చ పూలు పూసే తీగ చూశావు కదా. కాయ ఎండితే అయిదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకీ రెండు పెద్ద ముళ్ళు. నేల మీద ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. గింజ ఊరూరా తిరగాలంటే ఏ జంతువు కాలికో గుచ్చుకోవాలి, అందుకా ఏర్పాటు. సైకిలు టైరు ఆ పనికి బాగా పనికొచ్చింది. అమెరికాలో ఈ మొక్క పేరే పంచరు తీగ. సర్కారు తుమ్మ ముల్లు ఇంకా పొడుగు, గట్టి టైరుని కూడా దాటిపోతుంది. టైరు నడిమధ్య రబ్బరు ఎంత మందంగా ఉంటే పల్లేరు అంత తక్కువ దిగుతుంది. గుండైపోయిన టైరుకి పంచర్లు వరసపెట్టి పడటం అందుకే. వారానికొకసారి పంచరు షాపుకి వెళ్తున్నావంటే తప్పు ట్యూబుది కాదు.

పంచరు వేయించాక ముల్లు టైరులోనే ఉండిపోతే మళ్ళీ అదే చోట పడుతుంది. ట్యూబు టైరు పక్కన పెట్టి వాల్వు ఉన్న చోటు కలుపు, ట్యూబులో బెజ్జం ఎక్కడుందో టైరులో ముల్లు అక్కడే ఉంటుంది. లోపల వేలితో తడమొద్దు, గుడ్డ చుట్టి తడుము. పక్కపక్కనే రెండు బెజ్జాలు కనిపిస్తే అది ముల్లు పని కాదు. గాలి చాలక, గుంతలో పడ్డప్పుడు రిమ్ము అంచులు ట్యూబుని కరిచాయి. మొరం మీద గాలి తగ్గించమన్నాను గానీ నీ బరువుకి 25 పాయింట్ల కిందకి దిగొద్దు. తారు మీద వెనక 40, ముందు 35 పెట్టుకో. ట్యూబు బ్యుటైల్ రబ్బరుదైతే గాలి మెల్లగా తగ్గుతుంది. 1937లో పెట్రోలియం సరుకులోంచి తయారుచేసిన రబ్బరది. మన వంగలిలో పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఉందే, అందులో నువ్వు చేరతానంటున్న చదువులో ఇదీ ఒక పాఠమే.

ఎండలో పెడితే టైరు పేలిపోతుందని నాయనమ్మ రోజూ సైకిలు నీడకి జరుపుతుంది. లెక్కేస్తే, 40 పాయింట్ల గాలి 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి వేడెక్కినా పెరిగేది అయిదు పాయింట్లే. మంచి టైరుకి అదొక లెక్క కాదు. చీకిన టైరుకో, అంచు సరిగా కూర్చోనిదానికో ఆ అయిదూ ఎక్కువవుతాయి. అయినా నాయనమ్మ చేసే పని మంచిదే. ఎండా, గాలిలోని ఓజోనూ రబ్బరుని కొరికి పక్కల సన్నటి పగుళ్ళు తెస్తాయి. ఆ పగుళ్ళలోంచి దారాలు కనబడితే, లేదా ఎక్కడైనా టైరు బుడగలా ఉబ్బితే, బుడిపెలు ఎంత కొత్తగా ఉన్నా తీసెయ్యాలి. లోపల గేటరు, అంటే అతుకు టైరుముక్క, వేసి నెట్టుకురావడం వెనక చక్రానికి ఒక వారం పరవాలేదు. ముందు చక్రానికి ఒక్క రోజు కూడా వద్దు.

ఇక వెళ్ళు. 559 అంకె, వెడల్పు 1.95, నడుమ వరస తెగకుండా ఒకే పట్టీలా ఉండి పక్కల పొట్టి బుడిపెలున్నది, తీగ అంచు, గట్టి రబ్బరు. బొమ్మలో నీకు నచ్చిన ఆ పెద్ద బుడిపెల టైరు అరకు వైపు కొండ దారుల్లో తొక్కే రోజు వస్తే అప్పుడు నేనే కొనిపెడతాను. షాపులో పక్కన బాణం గుర్తు ఉందో లేదో చూడు, ఉంటే అది చక్రం ముందుకు తిరిగే దిక్కు. ఎక్కించేటప్పుడు ఇనప పట్టీలతో కుళ్ళగించనివ్వకు, ట్యూబు నలిగిపోతుంది. అంచుని రిమ్ము నడిమి పల్లంలోకి నొక్కితే చివరి భాగం బొటనవేళ్ళతోనే ఎక్కుతుంది. సగం గాలి కొట్టాక ఆగి చక్రం తిప్పి చూడు. టైరు పక్కన, రిమ్ముకి కాస్త పైన సన్నటి గీత ఒకటి అచ్చుపోసి ఉంటుంది. చుట్టూతా రిమ్ముకి ఒకే ఎడంలో ఉండాలి. ఎక్కడైనా లోపలికి దిగిపోయినా, పైకి లేచినా, గాలి తీసేసి ఆ చోట చేత్తో సర్ది మళ్ళీ కొట్టించు. ఆ గీత తిన్నగా వచ్చాకే 40 పాయింట్లు.